నాలుగు పొగగొట్టాల కాపలా
తూర్పు తీరం, తుపాకుల కాలం: 9వ భాగం

చిట్టమూరు నుంచి తూర్పుగా వెళ్లి వాకాడు దాటితే, దుగరాజపట్నం దగ్గర ఇసుక దిబ్బల వెనక సముద్రం కనిపిస్తుంది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు కోరమాండల్ తీరంలో మొట్టమొదటగా ఫిరంగులు ఎక్కించి గిడ్డంగి కట్టుకున్నది అక్కడే. ఆ ఊళ్లో తమకు సాయపడ్డ ఆరుముగం ముదలియారు పేరు మీదుగా దాన్ని ఆర్మగాన్ అన్నారు. అక్కడ పెద్దగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన చెన్నపట్నం స్థలం సంపాదించడంతో ఆర్మగాన్ పాడుబడింది. పేరు మాత్రం నావికుల పటాల్లో దీపస్తంభం పేరుగా మిగిలింది. ఇదంతా మొదటి భాగాల్లో చూశాం. అప్పుడే తలెత్తి, అక్కడ తేలకుండా మిగిలిపోయిన ప్రశ్న ఒకటి ఉంది. సరుకు గిడ్డంగిలో ఉన్నంతసేపూ గోడ మీది ఫిరంగి దాన్ని కాస్తుంది. అదే సరుకు ఓడెక్కి ఒడ్డు కనపడనంత దూరం వెళ్లాక దాన్ని ఎవరు కాయాలి, దేనితో కాయాలి? ఈ ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో బ్రిటిష్ నౌకాదళం ఉక్కుతో ఒక జవాబు చెప్పింది. దాని పేరు కవచ క్రూయిజర్. 1914 సెప్టెంబరులో ఆ జవాబుకు పరీక్ష జరిగిన చోట్లలో మన బంగాళాఖాతం ఒకటి.

ఆ పరీక్షలో మన తీరానికి పోయేదేమిటో ముందు లెక్క చూసుకోవాలి. కలకత్తా నుంచి మద్రాసుకూ కొలంబోకూ పోయే స్టీమర్లు నెల్లూరు తీరానికి బయటి నీళ్లలో నడిచేవి. ఒడ్డు వెంబడి బకింగ్‌హామ్ కాలువ మీద పడవలు ఉప్పునూ, శ్రీహరికోట అడవి కట్టెలనూ చెన్నపట్నానికి చేరవేసేవి. గూడూరు, రాపూరు గనుల్లో తీసిన అభ్రకం మద్రాసు రేవులో ఓడెక్కేది. రంగూన్ బియ్యం ఈ రాజధానిలోని పేదల కడుపు నింపేది. కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేలాది తెలుగు కూలీలు ఏటేటా బర్మాకు స్టీమరు డెక్కు మీదే ప్రయాణం కట్టేవారు. పల్లెల్లో దీపం వెలగాలంటే బర్మా కిరసనాయిలు రావాలి. ఇవన్నీ సాగాలంటే సముద్రం నెమ్మదిగా ఉండాలి. ఆ నెమ్మదికి మన దేశం ధర కూడా కట్టింది. బ్రిటిష్ నౌకాదళానికి భారత ఖజానా నుంచి ఏటా లక్ష పౌండ్ల దరిదాపు సొమ్ము వెళ్లేది. ఆ ఖజానాలో మన మాగాణి శిస్తూ ఉంది, మన ఉప్పు పన్నూ ఉంది. అందుచేత కవచ క్రూయిజర్ల కథ ఎక్కడో ఇంగ్లండులో ఓడలు కట్టేవాళ్ల కథే కాదు. దాన్ని మన సొమ్ముకు సంబంధించిన విచారణగానూ చూడవచ్చు.

ఈ ఓడలు పుట్టింది భయంలోంచి. 1890 దశకంలో ఫ్రాన్సు, రష్యా ఒక్క మాట మీద ఉన్నాయి. బ్రిటన్‌తో యుద్ధం వస్తే యుద్ధనౌకల వరుసను ఎదిరించే బదులు దాని వర్తకపు ఓడల మీద పడాలన్న ఆలోచన ఫ్రెంచి నావికుల్లో బలంగా ఉండేది. దానికోసం వాళ్లు పక్కలకు ఉక్కు కవచం తొడిగిన వేగపు ఓడలు కట్టారు. రష్యా రూరిక్, రోసియా వంటి పెద్ద ఓడలు దింపింది. అంతకుముందు కొన్నేళ్లుగా బ్రిటన్ కట్టిన క్రూయిజర్లకు కవచం పక్కలకు ఉండేది కాదు. యంత్రాల మీద కప్పులా ఒక ఉక్కు డెక్కు మాత్రం ఉండేది. పక్కలకు చాలినంత మందం రేకు తొడిగితే బరువుకు వేగం చచ్చిపోయేది. జర్మనీలో క్రుప్ కర్మాగారం పైతొక్కను గట్టిపరిచిన కొత్త ఉక్కు తయారుచేయడంతో ఈ లెక్క మారింది. పాత ఉక్కు పదీ పన్నెండు అంగుళాల మందంలో ఆపగలిగే గుండును కొత్త ఉక్కు అందులో సగం మందంతోనే ఆపసాగింది. బ్రిటిష్ నౌకా నిర్మాణాధిపతి సర్ విలియం వైట్ ఈ వెసులుబాటును అందుకున్నాడు. 1898లో క్రెస్సీ తరగతితో మొదలుపెట్టి ఏడేళ్లలో ఏడు తరగతులుగా 35 కవచ క్రూయిజర్లకు పునాది పలకలు పడ్డాయి. 1902 తరువాతి నమూనాలు వైట్ వారసుడు ఫిలిప్ వాట్స్‌వి.

ఈ ఏడు తరగతులనూ వరసగా వర్ణించడం వల్ల లాభం లేదు. అయితే అవి ఏ దిక్కుకు నడిచాయో చూడాలి. క్రెస్సీలు 12,000 టన్నులు, 9.2 అంగుళాల ఫిరంగులు రెండు, 6 అంగుళాలవి పన్నెండు, గంటకు 21 నాటికల్ మైళ్ల వేగం. తరువాత వచ్చిన డ్రేక్ తరగతి 14,100 టన్నులకు పెరిగింది. ఒక్కో ఓడలో 43 బాయిలర్లు, 900 మంది మనుషులు, ఖర్చు పది లక్షల పౌండ్ల చుట్టుపక్కల. అంత ఖర్చు ప్రతి దారికీ పెట్టలేమని తెలిసి మన్మత్ తరగతిని 9,800 టన్నులకు కుదించారు. కవచం నాలుగంగుళాలకు దిగింది, ఫిరంగులన్నీ 6 అంగుళాలవే అయ్యాయి. అవి మరీ బలహీనమన్న విమర్శ రావడంతో డెవన్‌షైర్ తరగతిలో 7.5 అంగుళాల ఫిరంగులు నాలుగు పెట్టి, ఓడను 10,850 టన్నులు చేశారు. మన కథలోకి రాబోయే హాంప్‌షైర్ ఈ తరగతిదే. దాన్ని న్యూకాజిల్ దగ్గర ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ కట్టింది. 1903లో నీళ్లలోకి దిగింది, 1905లో కొలువులో చేరింది. నాలుగు పొగగొట్టాలు, 655 మంది సిబ్బంది, 22 నాటికల్ మైళ్ల వేగం. ఆ పైన మళ్లీ పెరుగుదలే. 1908లో పూర్తయిన మినోటార్ 14,600 టన్నులు, 9.2 అంగుళాలవి నాలుగు, 7.5 అంగుళాలవి పది. ఒకసారి పెంచడం, ఖర్చు చూసి తగ్గించడం, తగ్గించినది చాలదని మళ్లీ పెంచడం. ఈ ఊగిసలాట నిలకడలేని బుద్ధి వల్ల వచ్చిందని నేననుకోను. ఒకే ఓడ చేత చేయించదలచిన పనులు రెండు, ఆ రెండూ ఒకదాన్నొకటి తోసేసుకున్నాయి. ఊగిసలాటకు మూలం అది.

ఆ రెండు పనులూ ఇవి. మొదటిది, వర్తక మార్గాల మీద తిరుగుతూ దోపిడీ ఓడను పట్టుకోవడం. రెండోది, పెద్ద యుద్ధం జరిగే రోజున యుద్ధనౌకల వరుసకు రెక్కగా నిలిచి, అవసరమైతే వరుసలోనే పోరాడడం. మొదటి పనికి కావలసింది సంఖ్య. సముద్రం మీద అప్పట్లో ఓడ కంటిచూపు పగటిపూట, వాతావరణం బాగుంటే, పదిహేను ఇరవై మైళ్లు. రాత్రి అదీ లేదు. బంగాళాఖాతమంత నీళ్లను వెదకాలంటే ఎన్ని ఓడలుంటే అన్ని కళ్లు. రెండో పనికి కావలసింది మందం, బరువు, పెద్ద ఫిరంగి. ఓడను వరుసలో నిలబెట్టడానికి బరువు పెంచిన కొద్దీ ధర పెరుగుతుంది, ధర పెరిగిన కొద్దీ సంఖ్య తగ్గుతుంది. సంఖ్య కోసం ధర తగ్గిస్తే వరుసలో నిలబడే బలం పోతుంది. ఈ ముడిని విప్పకుండానే 35 ఓడలు కట్టేశారు. ఈ భాగంలో నేను చెప్పదలచింది ఇదే: కవచ క్రూయిజర్లు కాలం మారి పనికిరాకుండా పోయాయని పుస్తకాల్లో చదువుతుంటాం. కాలం మారిన మాట నిజం. అవి పనికిరాకపోవడానికి కారణం అది కాదు. కాగితం మీద గీసిన రోజునే ఆ కారణం వాటిలో ఉంది.

దీనికి మొదటి ఆక్షేపణ జపాన్ నుంచి వస్తుంది. 1905 మే నెలలో సుషిమా దగ్గర రష్యా నౌకాదళాన్ని తుడిచిపెట్టినప్పుడు జపాన్ వరుసలో యుద్ధనౌకల వెనకే కవచ క్రూయిజర్లు నడిచాయి. అసామా, టోకివా, ఇజుమో, ఇవాటే ఇంగ్లండులోని ఎల్స్విక్‌లో కట్టినవే. అవి దెబ్బలు తిని కూడా నిలిచాయి, దెబ్బలు కొట్టాయి. మరి రెండు పనులూ ఒక ఓడ చేయగలదని రుజువైనట్టే కదా? ఆనాడు లండన్‌లో చాలామంది అలాగే అనుకున్నారు. కానీ అక్కడ ఎదుట ఉన్నది ఎనిమిది నెలలు సముద్రాలు చుట్టి వచ్చి, బొగ్గు బరువుతో కుంగి, శిక్షణ చాలని సిబ్బందితో నడుస్తున్న నౌకాదళం. పైగా జపాన్ తన కవచ క్రూయిజర్లను ప్రపంచపు వర్తక మార్గాలన్నిటి మీదా చల్లవలసిన అవసరం లేదు. తన ఇంటి ముంగిట నీళ్లలో గుంపుగా ఉంచుకుంది. అంటే వాటికి అప్పజెప్పింది ఒకటే పని. అది వేరొకరికి పాఠం కాదు.

1908లో అడ్మిరల్ ఫిషర్ పట్టుబట్టి కట్టించిన ఇన్విన్సిబుల్ వచ్చింది. 12 అంగుళాల ఫిరంగులు ఎనిమిది, టర్బైన్ యంత్రాలు, 25 నాటికల్ మైళ్ల వేగం. అంతకుముందు కట్టిన కవచ క్రూయిజర్లలో ఒక్కటీ దాన్ని ఎదిరించలేదు, తప్పించుకునీ పోలేదు. మామూలుగా చెప్పే కథ ఇక్కడ ముగుస్తుంది: మెరుగైనది వచ్చింది, పాతది మూలపడింది. అయితే మన తీరానికి వచ్చిన శత్రువు ఇన్విన్సిబుల్ వంటిది కాదు. అది 3,664 టన్నుల చిన్న ఓడ. దాని ఫిరంగులు పది, ఒక్కోటీ 10.5 సెంటీమీటర్లు, అంటే నాలుగంగుళాల పైమాట. దాని పేరు ఎమ్డెన్.

ఎమ్డెన్ చైనా తీరంలోని జర్మన్ దళానికి చెందినది. 1914 ఆగస్టులో పసిఫిక్‌లోని పాగన్ దీవి దగ్గర అడ్మిరల్ ఫాన్ స్పీ దళం నుంచి విడివడి, కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్ నాయకత్వంలో ఒంటరిగా హిందూ మహాసముద్రంలోకి వచ్చింది. దారిలో కర్రలూ గుడ్డా కట్టి నాలుగో పొగగొట్టం ఒకటి తయారుచేసుకుంది. మూడు గొట్టాల ఎమ్డెన్ దూరం నుంచి చూస్తే నాలుగు గొట్టాల బ్రిటిష్ క్రూయిజర్ యార్‌మత్‌లా కనపడాలని ఆ వేషం. కాపలావాడి ముఖం పెట్టుకుని దొంగ వీధిలోకి వచ్చాడన్నమాట. సెప్టెంబరు 10 నుంచి 14 దాకా కలకత్తా దారిలో ఇండస్, లొవాట్, కిల్లిన్, డిప్లొమాట్, ట్రాబాక్, క్లాన్ మాథెసన్ అనే ఆరు ఓడలను ముంచింది. డిప్లొమాట్ నిండా తేయాకు. అంతకుముందు పట్టుకున్న గ్రీకు ఓడ పాంటొపొరాస్ నిండా బెంగాల్ నేలబొగ్గు; అది దట్టంగా పొగ కక్కే నాసి బొగ్గే అయినా ఎమ్డెన్‌కు వరం. పట్టుకున్న ఓడల మనుషులను చంపకుండా కబింగా అనే ఓడలోకి ఎక్కించి వదిలేసింది. ముల్లర్ మర్యాద గురించి శత్రువులే మెచ్చుకున్నారు.

తరువాత సెప్టెంబరు 22. ఆ ఒక్క తేదీని కాస్త నిదానంగా చూడాలి. ఉత్తర సముద్రంలో హాలండు తీరానికి ఆవల తెల్లవారుజామున మూడు కవచ క్రూయిజర్లు, అబూకీర్, హోగ్, క్రెస్సీ, కావలి తిరుగుతున్నాయి. గాలివాన వల్ల తోడుండాల్సిన డిస్ట్రాయర్లు లేవు. వేగం తక్కువ, దారి వంకర లేకుండా తిన్నగా ఉంది. యూ-9 అనే చిన్న జర్మన్ జలాంతర్గామి మొదట అబూకీర్‌ను కొట్టింది. మైన్ తగిలిందేమో అనుకుని మనుషులను తీయడానికి ఆగిన హోగ్‌నూ, ఆ తరువాత క్రెస్సీనీ కొట్టింది. గంటన్నరలో మూడూ పోయాయి, 1,459 మంది పోయారు. అందులో నౌకా పాఠశాల నుంచి తెచ్చిన పసివాళ్లూ, పిల్లలూ పెళ్లాలూ ఉన్న రిజర్వు నావికులూ ఎక్కువ. ఈ ఓడల పక్కల పొడుగునా ఉండే బొగ్గు అరలు గుండు తగిలితే అదనపు కవచంగా పనికొస్తాయని నమూనా గీసినవారి లెక్క. నీటి అడుగున టార్పెడో తగిలినప్పుడు అవే అరలు ఒక పక్కనే నిండి ఓడను బోర్లా తిప్పాయి. అప్పటికి మద్రాసులో మధ్యాహ్నం. ఆ తరువాత తొమ్మిది పది గంటలకు, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, దీపాలన్నీ వెలుగుతున్న చెన్నపట్నం ముందు ఎమ్డెన్ నిలబడి, సెర్చిలైటు వేసి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుళ్ళు కురిపించింది. నూట పాతిక దాకా గుళ్ళు పడ్డాయి. రెండు ట్యాంకులు అంటుకున్నాయి. ఒడ్డు మీది ఫిరంగులు బదులిచ్చాయి గానీ ఒక్కటీ తగల్లేదు. ఎమ్డెన్ చీకట్లోకి వెళ్లిపోయింది. గుండు తగిలిన చోట హైకోర్టు ఆవరణ గోడలో పెట్టిన ఫలకం ఇప్పటికీ ఉంది. మూడు పెద్ద కవచ ఓడలు తమను తాము కాచుకోలేకపోయిన రోజూ, వాటి తోబుట్టువులు కాయవలసిన పట్టణం మీద గుళ్ళు పడ్డ రోజూ ఒకటే.

ఆ రాత్రి ఈ నీళ్లలో ఎమ్డెన్‌ను వెదుకుతున్న బ్రిటిష్ ఓడల్లో ముఖ్యమైనది హాంప్‌షైర్. చైనా తీరపు బ్రిటిష్ దళాధిపతి జెరమ్ దాన్ని కెప్టెన్ గ్రాంట్ కింద ఈ వేటకు పంపాడు. ఎదురుపడి ఉంటే పోరు ఎక్కువసేపు సాగేది కాదు. హాంప్‌షైర్ ఫిరంగి ఎమ్డెన్ ఫిరంగికి అందనంత దూరం నుంచి కొట్టగలదు, దాని పక్క కవచం ఆరంగుళాలు. ఎదురుపడడమే జరగలేదు. ఎమ్డెన్ తన వైర్‌లెస్ నోరు మూసుకుని, చెవులు మాత్రం తెరిచి ఉంచింది. బ్రిటిష్ యుద్ధనౌక సంకేతాలు గట్టిగా వినిపిస్తే దారి మార్చేది. తొమ్మిదేళ్లు కొలువు చేసిన హాంప్‌షైర్ పరీక్షల నాటి వేగాన్నే అందుకున్నా ఎమ్డెన్ దానికన్నా గంటకు మైలున్నర ముందుంటుంది. పదివేల టన్నుల ఒళ్లును వేగంగా నడిపితే బొగ్గు త్వరగా కరిగి, రేవుకు తిరిగిరాక తప్పదు. ఎమ్డెన్‌కు బొగ్గు సముద్రం మీదే, పట్టుకున్న ఓడల్లోనే దొరికింది. అన్నిటికీ మించి హాంప్‌షైర్ ఒక్కటి. దాని ఖర్చులో కొత్త తేలిక క్రూయిజర్లు రెండు వచ్చేవి. దాని 655 మంది ఎమ్డెన్ వంటి ఓడలు రెండింటిని నడపడానికి దాదాపు సరిపోయేవారు. మద్రాసు ముందు ఒక ఓడ ఉంటే కొలంబో దారి ఖాళీ. కొలంబో దారిలో ఉంటే మద్రాసు ఖాళీ. ముల్లర్ ఆ ఖాళీల్లోనే బతికాడు.

"అదంతా పాత ఓడ కావడం వల్లే" అనే ఆక్షేపణకు ఇక్కడే సమాధానం చెప్పాలి. ఎమ్డెన్ కూడా కొత్త యంత్రం ఓడ కాదు. జర్మనీ కట్టిన చిన్న క్రూయిజర్లలో పాతరకపు పిస్టన్ ఆవిరి యంత్రాలతో వచ్చిన చివరిది అదే. 1908లో నీళ్లలోకి దిగింది. అదే ఏడు మినోటార్ పూర్తయింది. వయసు సమానం, యంత్రాల తరం సమానం. మినోటార్ కూడా 1914లో ఈ సముద్రాల మీదే ఉండి ఎమ్డెన్‌ను ఒక్కసారీ చూడలేదు. ఇక ఫలితాలు ఇచ్చిన ఓడలేవో చూడండి. అక్టోబరు 12న సుమత్రా పక్క దీవుల దగ్గర ఎమ్డెన్ బొగ్గు ఓడలు మార్కొమానియా, పాంటొపొరాస్‌లను పట్టుకున్నది యార్‌మత్ అనే తేలిక క్రూయిజర్. ఆఫ్రికా తీరంలో రుఫిజి నది పాయలో దాక్కున్న కోనిగ్స్‌బర్గ్ జాడ తీసింది చాథమ్ అనే తేలిక క్రూయిజర్. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఎమ్డెన్‌ను ముక్కలు చేసింది ఆస్ట్రేలియా తేలిక క్రూయిజర్ సిడ్నీ: 5,400 టన్నులు, 6 అంగుళాల ఫిరంగులు ఎనిమిది, 25 నాటికల్ మైళ్ల పైన వేగం. ఈ ఓడలను గీసినవారు వాటికి ఒకే పని చెప్పారు.

దీనికన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సిడ్నీ కోకోస్‌కు పరిగెత్తగలిగింది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులను మోస్తున్న 38 ఓడల బిడారుతో అది నడుస్తుండబట్టే. ఆ బిడారుకు పెద్దదిక్కుగా బయలుదేరింది మినోటార్, తోడు జపాన్ కవచ క్రూయిజర్ ఇబుకి. న్యూజిలాండ్ ప్రభుత్వం ఈ పెద్ద ఓడలు వచ్చేదాకా తన సైన్యాన్ని రేవు కదలనివ్వనంది, భయం ఫాన్ స్పీ దళానిది. అంటే కవచం లేకుంటే ఆ ప్రయాణమే లేదు. ఇది నిజం, ఒప్పుకోవాలి. భారతీయ సైన్యాన్ని ఫ్రాన్సుకు, ఈజిప్టుకు మోసిన బిడారుల విషయమూ అంతే. ఓడల పక్కనే నడుస్తూ వాటిని కాయడానికి బరువైన ఓడ పనికొచ్చింది. కానీ ఈ ఓడలకు డబ్బు ఇమ్మని పార్లమెంటును అడిగినప్పుడు చెప్పిన పని బిడారు కాపలా కాదు. వేగంతో దారులు తిరిగి దోపిడీ ఓడను వెంటాడి పట్టడం అన్నారు. దాని కోసమే అంత యంత్రం, అన్ని బాయిలర్లు, అంత బొగ్గు. పక్కన నడిచే కాపలాకు పాత యుద్ధనౌక కూడా చాలు. 1914లో చాలా బిడారులకు అవే వెళ్లాయి. పైగా ఆ మినోటార్‌ను కూడా నవంబరు 8న, ఎమ్డెన్ కోకోస్ చేరే ముందురోజే, దక్షిణాఫ్రికా వైపు పిలిచారు. ఎందుకంటే వారం కిందట చిలీ తీరంలో మరో రెండు కవచ క్రూయిజర్లు మునిగిపోయాయి.

కొరొనెల్ దగ్గర నవంబరు 1 సాయంకాలం. అడ్మిరల్ క్రాడక్ దగ్గర డ్రేక్ తరగతి గుడ్ హోప్, దాని కురచ చెల్లెలు మన్మత్. ఎదుట ఫాన్ స్పీ కవచ క్రూయిజర్లు షార్న్‌హార్స్ట్, గ్నైసెనావ్, ఒక్కోదానికి 8.2 అంగుళాల ఫిరంగులు ఎనిమిది. అస్తమించే సూర్యుడి వెలుగులో బ్రిటిష్ ఓడలు నల్లగా కనపడ్డాయి, జర్మన్ ఓడలు కొండల నీడలో కలిసిపోయాయి. బ్రిటిష్ ఓడల 6 అంగుళాల ఫిరంగుల్లో సగం రెండంతస్తుల గదుల్లో కింది అంతస్తులో, నీటి మట్టానికి దగ్గరగా ఉన్నాయి. అలలు లేస్తున్న సముద్రంలో వాటి కిటికీలు తెరవడమే కుదరలేదు. రెండు ఓడలూ సిబ్బందితో సహా పోయాయి, 1,600 మంది దాకా. ఒక్కరూ బతకలేదు. జర్మన్ పక్షాన గాయపడ్డది ముగ్గురు. కావలి తిరగడానికి పంపిన ఓడలను వరుస యుద్ధానికి నిలబెట్టినందుకు చెల్లించిన ధర అది. గెలిచినవీ కవచ క్రూయిజర్లే కదా అనవచ్చు. గెలిచిన ఆ రెండూ ఆరు వారాలు తిరగకుండానే, డిసెంబరు 8న ఫాక్‌లాండ్ దీవుల దగ్గర ఇన్విన్సిబుల్, ఇన్‌ఫ్లెక్సిబుల్‌ల చేతిలో మునిగాయి. అదే రోజు మన్మత్‌కు అచ్చు తోబుట్టువైన కెంట్, బొగ్గు చాలక బల్లలూ కుర్చీలూ పగలగొట్టి బాయిలర్లలో వేసి, తన జన్మలో ఎన్నడూ పోనంత వేగంతో పరిగెత్తి, నూర్న్‌బర్గ్‌ను పట్టి ముంచింది. నా వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యాల్లో నాకు అన్నిటికన్నా గౌరవం ఉన్నది ఈ కెంట్ మీద. దాని బాయిలర్ల ముందు నిలబడ్డ మనుషుల కష్టానికి వంక పెట్టేది లేదు. అయితే ఆ పొద్దు నూర్న్‌బర్గ్ కళ్లెదుటే ఉంది, దాన్ని వెతకనక్కరలేదు, దాని యంత్రాలూ అరిగి ఉన్నాయి. 35 ఓడల్లో ఒకటి కుర్చీలు కాల్చి సాధించిన దాన్ని నమూనాకు జమ కట్టలేం.

చివరి ఆక్షేపణ మన దగ్గరి నుంచే వస్తుంది. మద్రాసులో జరిగిన నష్టం ఎంత? రెండు ట్యాంకుల నూనె, కొద్దిమంది ప్రాణాలు. ఒక్క తుపాను అంతకు ఎన్నో రెట్లు తీసుకుపోతుంది. అంత చిన్నదానికి ఒక ఓడల జాతినే దోషిగా నిలబెట్టాలా? నష్టాన్ని కాలిన నూనెతో కొలిస్తే ఈ మాట సబబే. కానీ వర్తకపు కాపలా విలువ ముంచిన ఓడల సంఖ్యలో ఉండదు, రేవులోంచి బయలుదేరడానికి భయపడి ఆగిపోయిన ఓడల సంఖ్యలో ఉంటుంది. ఎమ్డెన్ వార్తలతో బంగాళాఖాతంలో ఓడల రాకపోకలు ఆగుతూ సాగాయి, బీమా రేట్లు ఎగబాకాయి. చెన్నపట్నం నుంచి జనం మూటాముల్లె సర్దుకుని రైళ్ల మీద ఊళ్లకు పోయారు. రంగూన్ స్టీమరు ఆగితే ఇక్కడ బియ్యం ధర కదులుతుంది, అక్కడ కూలికి వెళ్లినవాడు ఇంటికి పంపే డబ్బు ఆగుతుంది. తమిళంలోనూ మలయాళంలోనూ ఎమ్డెన్ పేరు గుండెలు తీసిన బంటుకు మాటగా స్థిరపడిందంటే, ఆ భయం ఎంత దూరం పాకిందో ఊహించవచ్చు. లక్ష పౌండ్ల చందాకు బదులుగా మనకు ఇస్తామన్నది ఈ భయం లేకపోవడమే.

ఆ తరువాత మిగిలిన కవచ క్రూయిజర్ల కథ ఎక్కువగా మరణాల కథే. 1915లో ఆర్గైల్ స్కాట్లండు దగ్గర రాతిదిబ్బకు కొట్టుకుంది. ఆ ఏడాది చివర్లో నాటల్ లంగరు వేసుకుని ఉండగానే మందుగుండు పేలి మునిగింది. 1916 మే 31న జట్లాండ్ దగ్గర, ఇంతకాలం ఏ రోజు కోసమైతే వాటికి బరువు ఎక్కించారో ఆ వరుస యుద్ధం రానే వచ్చింది. అడ్మిరల్ అర్బత్‌నాట్ తన డిఫెన్స్‌ను ఒక దెబ్బతిన్న జర్మన్ ఓడను ముగించడానికి ముందుకు నడిపి, పెద్ద జర్మన్ ఓడల ఫిరంగుల ముందు పడ్డాడు. డిఫెన్స్ పేలిపోయింది, తొమ్మిది వందల మంది దాకా ఒక్కరూ మిగలకుండా పోయారు. వెంట ఉన్న వారియర్ మర్నాడు మునిగింది. బ్లాక్ ప్రిన్స్ రాత్రి దారి తప్పి జర్మన్ వరుసలోకే వెళ్లి 857 మందితో కాలిపోయింది.

హాంప్‌షైర్ సంగతి మిగిలింది. ఎమ్డెన్‌ను వెతికి వెతికి కానలేకపోయిన ఆ ఓడ చివరికి ముల్లర్‌ను కలిసింది. కోకోస్ దగ్గర పట్టుబడ్డ ముల్లర్‌నూ అతని అధికారులనూ బిడారు ఓడల మీద ఈజిప్టు దాకా తెచ్చి, అక్కడి నుంచి మాల్టా చెరకు హాంప్‌షైర్ మీద ఎక్కించారు. కెప్టెన్ గ్రాంట్ తన ఖైదీని మర్యాదగా చూసుకున్నాడు. ఇద్దరూ బంగాళాఖాతం గురించి మాట్లాడుకున్నారు, ఎవరు ఏ రోజు ఎక్కడున్నదీ పోల్చి చూసుకున్నారు. ఆ తరువాత ఏడాదిన్నరకు, 1916 జూన్ 5 సాయంకాలం, హాంప్‌షైర్ లార్డ్ కిచనర్‌ను రష్యాకు తీసుకుపోతూ ఆర్క్నీ దీవుల పడమటి తీరంలో గాలివానలో చిక్కుకుంది. 1902 నుంచి 1909 దాకా మన దేశపు సర్వసేనాధిపతిగా ఉన్న కిచనరే అతను. అలలకు తట్టుకోలేక వెనకబడుతున్న డిస్ట్రాయర్లను అప్పటి కెప్టెన్ వెనక్కి పంపేశాడు. ఒంటరిగా నడుస్తున్న ఓడకు, ఒక జర్మన్ జలాంతర్గామి కొద్ది రోజుల ముందు వదిలిపోయిన మైన్ తగిలింది. పావుగంటలో మునిగింది. ఒడ్డుకు ప్రాణంతో చేరినవారు పన్నెండు మంది. వారిలో కిచనర్ లేడు.